స్లాట్ కార్ పనిముట్లు: కొన్ని కంసాలి దగ్గర, కొన్ని మొబైల్ కొట్లో

స్లాట్ కార్ అంటే ట్రాకులోని గాడి (స్లాట్) వెంట కరెంటుతో పరిగెత్తే బొమ్మ కారు. దాని పనిముట్లు కావాలని తిరుపతి బజార్లో అడిగితే ఎవరికీ అర్థం కాదు. అవే వస్తువులు కంసాలి దగ్గర, మొబైల్ రిపేరు కొట్లో, టైర్ల షాపులో వేరే పనికి వాడుతూ కనిపిస్తాయి. ఇక్కడ చెప్పేదంతా 1/32 సైజు (అసలు కారులో 32వ వంతు) కార్ల గురించి. కారు నిదానంగా పోతోందని కొత్తవాళ్ళు ముందు మోటారు మార్చేస్తారు. ఇరుసు వంకరగా, టైరు గుండ్రం తప్పి ఉంటే మోటారు పెద్దదైన కొద్దీ కారు గెంతుతుంది, అంతే.

అన్నిటికంటే ముందు చదునైన బల్ల కావాలి. చిత్తూరు జిల్లాలో గ్రానైటుకు కరువు లేదు. వంటింటి గట్టు కోసిన చోట మిగిలిన, పాలిష్ పట్టిన అడుగు పొడవు ముక్క చాలు. దాని మీద ఇరుసును దొర్లించండి. వంకర ఉంటే కింద వెలుతురు సందు వచ్చి పోతూ కనిపిస్తుంది. చాసిస్‌ను (కారు అడుగు చట్రాన్ని) పెట్టి నాలుగు మూలలూ వేలితో నొక్కండి. ఒక మూల ఊగితే మెలి తిరిగినట్టు. మే ఎండలో కారులోనో డాబా మీదో వదిలేసిన ప్లాస్టిక్‌కు ఇది మామూలే. ముందు వైపు గైడు బ్లేడు (ట్రాకు గాడిలో దిగి కారును నడిపించే రెక్క) అడ్డొస్తుంది కాబట్టి, 8 మి.మీ. అద్దం పట్టీలు రెండు ఆ రాయి మీద చిన్న సందు వదిలి అంటించుకోవాలి. బ్లేడు ఆ సందులో దిగి, ముందు చక్రాలు అద్దాన్ని తాకీ తాకనట్టు ఉంటే సరిపోయినట్టే. బ్రెయిడ్‌ను (గైడు పక్కన ట్రాకు నుంచి కరెంటు తీసుకునే రాగి అల్లిక పట్టీని) మరీ కిందికి వంచితే అది స్ప్రింగులా ముక్కును పైకి లేపుతుంది. మలుపులో కారు స్లాట్ వదిలేయడానికి చాలాసార్లు కారణం ఇదే.

టైరు అరగదీయడం మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు. ముందు టైరును రిమ్ముకు ఫెవిక్విక్‌తో అంటించాలి, లేకపోతే వేగంలో ఉబ్బుతుంది. 220 నంబరు వాటర్ పేపరు గ్రానైటు మీద అతికించి, గైడు దగ్గర రెండు క్రొకడైల్ క్లిప్పులు తగిలించి, 4 నుంచి 6 వోల్టులు ఇవ్వండి. వెనక చక్రాలు తిరుగుతుండగా కాగితానికి తేలిగ్గా ఆనించండి. మూడు నాలుగు సెకన్లు, ఆపడం, మళ్ళీ. ఆపకుండా నొక్కితే రబ్బరు వేడెక్కి పీచులు లేస్తుంది, మోటారూ కాలుతుంది. టైరు అడ్డంగా మొత్తం ఒకే రంగుకు వచ్చాక 400 నంబరుతో ముగించండి. సిలికాన్ టైర్లకు ఇదేదీ పనికిరాదు. అవి సరిగా అరగవు, ఆ జిగురుకు అంటవు కూడా. వాటిని సెల్లోటేపు మీద దొర్లించి దుమ్ము తీస్తే చాలు.

మొబైల్ కొట్లో దొరికేవి: 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, రోజిన్ ఫ్లక్సు (టంకం అంటుకోవడానికి రాసేది), మల్టీమీటరు, సన్న స్క్రూ డ్రైవర్లు. మోటారు కొమ్ముల (తీగలు అతికే చోట్ల) మీద ఐరన్ మూడు సెకన్లు దాటితే వెనక ప్లాస్టిక్ మూత కరుగుతుంది. కంసాలి వాడే వెలిగారం ఇక్కడ పనికిరాదు, అది వేరే వేడికి. కారు ఆగి ఆగి పోతుంటే బ్రెయిడ్ నుంచి మోటారు కొమ్ము వరకు ఓములు చూడండి. 1 దాటితే సాధారణంగా గైడులో తీగ గుచ్చిన చోటే వదులు. కంసాలి సామానులో మనకు కావలసినవి సన్న ఆకురాళ్ళు, చిమటా, 0.1 గ్రాము చూపే కాటా. బరువు పెంచాలంటే వీల్ బ్యాలెన్సింగ్ చేసే చోట అంటించే 5 గ్రాముల బిళ్ళలు అడిగి, సగానికి కోసి, చాసిస్ మీద వీలైనంత కిందికి అంటించండి.

ఆన్‌లైన్‌లో తెప్పించక తప్పనివి రెండే. ఒకటి గ్రబ్ స్క్రూకు (చక్రాన్ని ఇరుసుకు బిగించే, తల లేని చిన్న స్క్రూకు) సరిపోయే హెక్స్ (ఆరు మూలల) డ్రైవరు. కంపెనీని బట్టి 0.9 మి.మీ. లేదా 1.27 మి.మీ., కొలత చూసుకునే కొనాలి. కొంచెం చిన్నది పెట్టి తిప్పితే స్క్రూ లోపలి మూలలు గుండ్రమైపోతాయి, ఇక ఆ చక్రం ఊడి రాదు. రెండోది పినియన్‌ను (మోటారు షాఫ్టు మీది చిన్న పళ్ళ చక్రాన్ని) ఊడలాగే, నొక్కి ఎక్కించే పనిముట్టు. స్క్రూ డ్రైవరుతో ఎత్తితే షాఫ్టు వంగుతుంది, సుత్తితో కొడితే దెబ్బ బుష్‌కు (షాఫ్టు ఆని తిరిగే చిన్న రింగుకు) పోతుంది.

9 పళ్ళ పినియన్, 27 పళ్ళ క్రౌన్ (ఇరుసు మీది పెద్ద పళ్ళ చక్రం) అంటే నిష్పత్తి 3. పినియన్ 10కి మారిస్తే 2.7. పొడవాటి రోడ్డున్న ట్రాకుకు మంచిదే కానీ, మలుపులెక్కువైతే మలుపులోంచి బయటపడేటప్పుడు కారు అందుకునే ఊపు తగ్గుతుంది. బిగించేటప్పుడు పళ్ళ మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి దగ్గరికి నెట్టి, స్క్రూ బిగించాక లాగేయండి. బిగువైతే గర్రుమని మోటారు వేడెక్కుతుంది, వదులైతే పళ్ళు కొరుక్కుపోతాయి. క్రౌన్‌కు కొంచెం గ్రీజు, ఇరుసు బుష్‌లకు ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె. మెడికల్ షాపు సిరంజి సూదితో వేస్తే చుక్క చుక్కలాగే ఉంటుంది. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్ళకు జిడ్డుగా పేరుకుంటుంది. పైబాడీ స్క్రూలు పూర్తిగా బిగించి, తర్వాత అర చుట్టు వెనక్కి తిప్పి, బాడీ కాస్త కదులుతోందో లేదో వేళ్ళతో చూశాకే ట్రాక్ మీద పెట్టండి.