పావలా జీళ్ళు

హైస్కూల్లో ఉన్నన్నాళ్ళూ ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మేనత్తగారింట్లో ఉండేవాడిని. శనివారం కాశీనగర్ వెళ్ళి, సోమవారం పొద్దున్న నారోగేజి రైల్లో దిగేవాడిని. అది ఎప్పుడు చేరుతుందో దానికే తెలియదు. సోమవారం మొదటి పీరియడు లెక్కలు.

ఆలస్యమైతే మాస్టారు తిట్టేవారు కాదు. "టికెట్టుందా? తే" అనేవారు. అట్ట టికెట్టు మీది చివరి నాలుగంకెలూ బోర్డు మీద వేయించి, పెద్దంకె ముందుగా ఒకసారి, చిన్నంకె ముందుగా ఒకసారి పేర్చి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యమనేవారు. వచ్చినదాన్ని మళ్ళీ అలాగే. 6174 వచ్చాకే కూర్చోవాలి.

మొదటిరోజు ఆయన 1936 వేసి చూపించారు. ఒడిశా రాష్ట్రం ఏర్పడి మనవాళ్ళు ఇటువైపు ఉండిపోయిన ఏడు. పర్లాకిమిడిలో దాని మీద వాదన లేని అరుగు లేదు. 9631 లోంచి 1369 పోతే 8262. తర్వాత 6354, 3087, 8352, ఆపైన 6174. దాన్ని ఎన్నిసార్లు తిప్పినా మళ్ళీ 6174. నాలుగంకెలూ ఒకటే కాకపోతే చాలు, ఏ సంఖ్యయినా ఏడు మెట్లలోపే అక్కడికి చేరుతుంది. "ఎనిమిదో మెట్టెక్కించినవాడికి పావలా జీళ్ళు" అని పందెం.

ఓ సోమవారం నాకు 3332 వచ్చింది. తీసేస్తే 999, మళ్ళీ తీసేస్తే సున్నా! లెక్క తప్పని అరిచాను, జీళ్ళ రుచి కూడా తెలిసిపోయింది. మాస్టారు నిదానంగా, "999కి ముందున్న సున్నాని నువ్వు తిన్నావా, మీ అత్త తిందా?" అన్నారు. 0999 అని రాస్తే 8991, 8082, 8532, 6174. క్లాసంతా నవ్వింది.

దీన్ని 1949లో కనిపెట్టింది దత్తాత్రేయ రామచంద్ర కప్రేకర్. 1905లో డహాణులో పుట్టి, పుణే ఫెర్గుసన్ కాలేజీలో చదివి, 1930 నుంచి 1962 దాకా నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేశారు. పెద్ద డిగ్రీ లేదని కొందరు గణితజ్ఞులు చిన్నచూపు చూశారు. 1975లో గణితం మీద రాసే మార్టిన్ గార్డ్‌నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాశాక బయటి దేశాల్లోనూ పేరు వచ్చింది. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. మాస్టారు మాత్రం ఒక్క "బడిపంతులు" అన్న మాట దగ్గరే ఆగి, కండువా సర్దుకుని, మళ్ళీ అదే మాట అనేవారు.

నాకు నచ్చింది వేరే. కప్రేకర్‌కి డెమ్లో సంఖ్యలనే మరో రకం సంఖ్యల ఆలోచన వచ్చింది బొంబాయి దగ్గర డెమ్లో స్టేషన్లోనట, ఇప్పటి డోంబివిలి. అందుకే వాటికి ఆ పేరు. అది విన్నాక నేనూ కాశీనగర్ ప్లాట్‌ఫాం మీద తెగ ఆలోచించాను. ఆకలి తప్ప ఏమీ రాలేదు.

ఆ లైను 2011లో బ్రాడ్‌గేజి అయి మళ్ళీ మొదలైంది. మొన్న అందులో వస్తూ, టికెట్టు చివరి నాలుగంకెలతో మొదలుపెట్టి పాతపట్నం దాటేలోగా 6174 తెచ్చాను. మాస్టారి పావలా ఇంకా భద్రంగానే ఉంది.