ఒకే మందు, రెండు జాబితాలు

అమెరికాలో మాదకద్రవ్యాలను, మత్తు కలిగించే మందులను 1970 నాటి కేంద్ర చట్టం ఐదు షెడ్యూళ్లుగా, అంటే నియంత్రణ తీవ్రతను బట్టి వేసిన జాబితాలుగా, విభజించినప్పటికీ, ప్రతి రాష్ట్రానికీ సొంత జాబితా ఉంటుంది; రెంటికీ పొంతన కుదరనప్పుడు మందుల దుకాణాలు కఠినమైన నిబంధననే పాటించాల్సి వస్తుంది.

ఎపిడియోలెక్స్ సంగతే చూడండి. గంజాయి మొక్క నుంచి తీసిన కానబిడయాల్‌తో తయారయ్యే ఈ ద్రవ ఔషధానికి, ముఖ్యంగా పిల్లల్లో కనిపించే రెండు రకాల తీవ్రమైన మూర్ఛవ్యాధులకు వాడేందుకు, 2018 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. సెప్టెంబరులో కేంద్రం దానిని ఐదో షెడ్యూలులో, అంటే అన్నిటికంటే సడలింపు ఉన్నదానిలో చేర్చింది. కేంద్రం మార్పును దానంతటదే స్వీకరించే ఏర్పాటున్న రాష్ట్రాలకు ఇబ్బంది లేకపోయింది. సౌత్ డకోటా రాష్ట్రంలో మాత్రం సొంత జాబితాను మార్చాలంటే శాసనసభ బిల్లు ఆమోదించాల్సి వచ్చింది, ఆ సభ కొలువుదీరేది జనవరిలో! అంతవరకూ మూర్ఛతో బాధపడే బిడ్డ తల్లిదండ్రులు ఎదురుచూడాల్సి రావడం నాకు సమంజసంగా తోచదు.

శాసనసభ పర్యవేక్షణ అక్కర్లేదని నేను అనను. కొత్త మందును కేంద్రం అనుమతించినప్పుడు రాష్ట్ర ఫార్మసీ బోర్డు తాత్కాలిక ఉత్తర్వు జారీచేసి, తరువాత సభ ఆమోదం పొందితే సరిపోతుంది. 2020లో కేంద్రం ఎపిడియోలెక్స్‌ను నియంత్రిత జాబితా నుంచే తొలగించడంతో, సొంత చట్టంలో దాని పేరు రాసుకున్న రాష్ట్రాలకు మళ్లీ సవరణ పని పడింది.