ఒక్క టర్న్‌లో రెండు ఫైర్‌బాల్స్: మా టేబుల్ మీద తెగని లొల్లి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒక్కొక్కరు ఒక పాత్ర పట్టుకుని పాచికలు వేసుకుంట కలిసి కథ నడిపే ఆట. మా గ్యాంగ్‌ల దాన్ని ఆడేటప్పుడు ఏ లొల్లి మొదలైనా చివరికి వచ్చి ఆగేది ఒక్కదాని దగ్గర్నే, ఒక టర్న్‌లో రెండు మంత్రాలు వేయొచ్చా వేయొద్దా అని. కత్తి పట్టినోడు ఒక టర్న్‌లో నాలుగు సార్లు నరికినా ఎవ్వడు నోరు మెదపడు, అదే విజార్డ్, అంటే మంత్రగాడు, రెండో మంత్రానికి చెయ్యి లేపిండంటే టేబుల్ మొత్తం లేస్తది. నల్లగొండల మా ఆటకు డీఎం, అంటే కథ నడిపి రూల్స్ చూసేటోడు, నేనే కాబట్టి పంచాయతీ చెప్పే పని కూడా నా నెత్తినే పడ్తది. అందుకే ఈసారి నా లెక్క మొత్తం ఒక్కకాడ రాసి పెడ్తున్న, ఇగ ఎవరన్న అడిగితే ఇదే పంపిస్త.

కొత్తోళ్ల కోసం జల్ది చెప్తా. ఆటల ఒక రౌండ్ అంటే ఆరు సెకన్లు. నీ టర్న్ వచ్చినప్పుడు కొంత దూరం నడవొచ్చు, ఒక యాక్షన్ ఉంటది, ఏదన్న పవర్ గానీ మంత్రం గానీ ఇస్తేనే ఒక బోనస్ యాక్షన్ ఉంటది, ఇగ మళ్ల నీ టర్న్ వచ్చేదాక వాడుకోనీకి ఒక రియాక్షన్. మంత్రాలకు స్పెల్ స్లాట్లు, అంటే లెక్కపెట్టి ఇచ్చిన మంత్రాల కోటా, ఖర్చయితయి, చిన్న మంత్రాలైన కాంట్రిప్‌లకు మాత్రం స్లాట్ అక్కర్లే, ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. ఇంతే. ఈ ఐదు ముక్కల్లోనే మా వాళ్లు సుప్రీం కోర్టు దాక పోయే కేసులు పుట్టిస్తరు.

2014ల వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌ల, అంటే ఐదో ఎడిషన్ రూల్స్ పుస్తకంల, రూల్ ఏందంటే, బోనస్ యాక్షన్‌తోని ఏ మంత్రమన్న వేస్తే అదే టర్న్‌లో ఇంకో మంత్రం వేయొద్దు, ఒక్క యాక్షన్ పట్టే కాంట్రిప్ తప్ప. చదువుతుంటే సాఫ్‌గనే అనిపిస్తది గానీ అది చూసేది మంత్రం ఎంత పెద్దదని కాదు, బోనస్ యాక్షన్ వాడినవా లేదా అని. అందుకే మస్తు వింతలు జరుగుతయి. డ్రూయిడ్, అంటే ప్రకృతి మంత్రగాడు, బోనస్ యాక్షన్‌ల షిలేలీ అనే కాంట్రిప్ వేసి తన కర్రకు కొంచెం బలం తెచ్చుకుంటడనుకో, ఒక్క స్లాట్ కూడా ఖర్చు కాలే, అయినా సరే ఆ టర్న్‌ల ఇంక పెద్ద మంత్రం లేదు. అదే ఇంకోడు బోనస్ యాక్షన్ జోలికే పోకుండా ఎట్లనో ఒకట్ల రెండు యాక్షన్లు సంపాదించుకున్నడనుకో, ఇద్దరు మనుషులు వేసేటంత పెద్ద మంత్రాలు రెండు వేసి మీసం తిప్పుతూ కూసుంటడు, రూల్ వాన్ని ఏమనదు.

ఆ రెండు యాక్షన్లు సంపాదించే దారే యాక్షన్ సర్జ్. ఫైటర్‌కు, అంటే కత్తి పట్టి కొట్లాడే పాత్రకు, రెండో లెవెల్‌లనే వస్తది, జర రెస్ట్ తీసుకుంటే మళ్ల నిండుతది. ఫైటర్ కోసం పెట్టిన సామాన్ అది, ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువ కొట్టుకోనీ అని. కానీ మా బావ ఉన్నడు చూడు, మొదలు రెండు లెవెల్స్ ఫైటర్ తీసుకుని ఆ మీద ఐదు లెవెల్స్ విజార్డ్ ఎక్కించిండు. ఎందుకు బావా, నీకు కత్తి తిప్పుడు మీద ఇంత ప్రేమ ఎప్పటి సంది అంటే, కవచం తొడుక్కోనీకి రా అన్నడు. నేను నమ్మలే.

మేము ఆడే కథకు దేవరకొండ కోటను పట్టుకుని మ్యాప్ గీసిన. పద్మనాయకుల కోట, చిన్నప్పటి సంది చూసింది, దర్వాజ దాటంగనే దారి సందుల తిరుగుతది, ఆ మలుపుల శత్రువు నిలబడితే లోపలికి పోవుడు ఎంత కష్టమో చూసినోనికి చెప్పక్కర్లే. ఆ మలుపుల హాబ్‌గోబ్లిన్లు అనే రాక్షస సైనికులను నిలబెట్టి వెనకాల ఓగర్ అనే ఒక పెద్ద రాక్షసున్ని పెట్టిన. రాత్రి పది దాకా సాగే ఫైట్ అని నా ప్లాన్, మా అమ్మ మిర్చీలు కూడా రెండు విడతల్లో వేస్తా అన్నది. బావ టర్న్ వచ్చింది. ఫైర్‌బాల్ అన్నడు, నిప్పు గోళం పేల్చే మంత్రం. దానికి ఆరు ముఖాల పాచికలు ఎనిమిది కావాలె, మా దగ్గర అసలు సెట్టుల ఉన్నయి తక్కువ, లూడో డబ్బాల్లకెళ్లి తీసినయి కలుపుకుని ఎనిమిది చేస్తం. దుప్పటి మీద దొర్లించిండు, 31. హాబ్‌గోబ్లిన్‌కు ఉండేదే 11 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క), సేవ్ పాచిక గెలిచి సగం దెబ్బ తప్పించుకున్నోడు కూడా పోయిండు. సరే అని నేను ఓగర్ లెక్క రాసుకుంటుంటే, పాచికలు నా చేతికి ఇయ్యకుండా మళ్ల అందుకున్నడు. ఏంది బావా అంటే, యాక్షన్ సర్జ్, ఇంకో ఫైర్‌బాల్. 27 పడ్డది. రెండు కలిపి 58, ఓగర్‌కు 59. ఒక్క పాయింట్ మీద ఊగుకుంట నిలబడ్డ ఓగర్‌ను మా చెల్లె తన పూజారి పాత్ర క్లెరిక్‌తోని ఒక్క కాంట్రిప్ వేసి పడగొట్టింది. మా తమ్ముడు రోగ్ (దొంగ పాత్ర) ఆడ్తడు, వాని టర్న్ రానేలే, బాకు తీసి మళ్ల లోపల పెట్టుకున్నడు. మిర్చీలు మొదటి విడత కూడా కాలే.

2014 రూల్ ప్రకారం బావ చేసింది నూటికి నూరు పాళ్లు కరెక్టే. రెండూ యాక్షన్‌తోని వేసిన మంత్రాలే, బోనస్ యాక్షన్ ముట్టుకోలే. నేను కాదనలే కూడా. కానీ అప్పుడే నాకు మొత్తం లెక్క సాఫ్‌గ కనబడ్డది. అదే ఏడో లెవెల్‌ల నికార్సైన ఫైటర్ ఉన్నడనుకో, పెద్ద కత్తి పట్టి యాక్షన్ సర్జ్ కొడ్తే నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బ సుమారు 11, నాలుగూ తగిల్తే 44, అవి కూడా శత్రువు పక్కకు పోయి నిలబడితేనే, ఒకరిద్దరి మీదనే. ఫైర్‌బాల్ ఒక్కదానికి సగటు 28, 150 అడుగుల దూరంకెళ్లి, 20 అడుగుల వ్యాసార్ధం ఉన్న వృత్తంల ఉన్న ప్రతి ఒక్కడి మీద. అంటే ఇద్దరికీ ఒకే బహుమతి ఇస్తున్నట్టు కనిపిస్తది గానీ, యాక్షన్ అన్నది ఖాళీ గిన్నె, అందుల ఎవడు ఏం పోసుకుంటడో దాన్ని బట్టే దాని విలువ. ఫైటర్ గిన్నెల పడేది మెల్లమెల్లగ, జరంతనే పెరుగుతది. విజార్డ్ లెవెల్ పెరిగిన కొద్దీ వాని గిన్నెల పడేది పెరుగుతనే పోతది, ఐదో లెవెల్‌ల ఫైర్‌బాల్ అయితే, పదిహేడో లెవెల్‌ల ఉల్కల వాన కురిపించే మీటియార్ స్వార్మ్.

ఇది ఇప్పుడు పుట్టిన గొడవ కూడా కాదు. ఈ ఆట 1974ల వచ్చింది, ఎక్స్‌ట్రా యాక్షన్ తలనొప్పి దాదాపు అప్పటి సంది ఉన్నదే. పాత అడ్వాన్స్‌డ్ ఎడిషన్‌ల వేగం పెంచే హేస్ట్ మంత్రం వేయించుకుంటే నీ పాత్ర వయసు ఒక ఏడాది పెరిగేది, అంటే వేగం కావాలంటే ఆయుష్షుతోని కట్టు అని, ఈ పద్ధతి నాకైతే మస్తు నచ్చుతది, ఊకె ఊకె వాడాలంటే ఎవనికైనా భయం ఉంటది. 2000ల మూడో ఎడిషన్ వచ్చినప్పుడు ఆ ఏడాది తీసేసిన్రు, పైగా హేస్ట్ ఉన్నోనికి టర్న్‌కు ఇంకో చిన్న యాక్షన్ ఇచ్చిన్రు, దానితోని మంత్రం కూడా వేయొచ్చు. ఇగ చూసుకో, విజార్డ్ ముందుగాల తన మీదనే హేస్ట్ వేసుకునుడు, ఆ తర్వాత ప్రతి టర్న్ రెండు మంత్రాలు. 2003ల 3.5 వచ్చినప్పుడు దాన్ని తీసుకపోయి ఒక ఎక్స్‌ట్రా కత్తి దెబ్బ దగ్గర కట్టేసిన్రు.

ఐదో ఎడిషన్ హేస్ట్‌ల ఆ బుద్ధి కనిపిస్తది. ఎక్స్‌ట్రా యాక్షన్ ఇస్తది గానీ దేనికో లిస్టు ఇచ్చి మరీ ఇస్తది, ఒక్క దెబ్బ కొట్టు, ఉరుకు, తప్పించుకుని జరుగు, దాక్కో, ఏదన్న వస్తువు వాడు. మంత్రం ఆ లిస్టుల లేదు. పైగా కాన్సంట్రేషన్, అంటే ఒకసారికి ఒక్క మంత్రం మీదనే నిలిపే మనసు, పట్టుకుని ఉండాలె, మంత్రం వేసినోనికి దెబ్బ తగిలి అది జారిందంటే హేస్ట్ ఉన్నోడు ఒక టర్న్ మొత్తం కదలకుండా బొమ్మలెక్క నిలబడ్తడు. మా తమ్ముడు దీన్ని ఎట్ల వాడ్తడో చూడండి, హేస్ట్ ఇచ్చిన యాక్షన్‌తోని తన టర్న్‌ల ఒక పోటు పొడుస్తడు, అసలు యాక్షన్‌ను రెడీ చేసి పెట్టుకుని వేరేవాని టర్న్‌ల రియాక్షన్‌తోని ఇంకో పోటు. రోగ్‌కు దెబ్బ పెంచే స్నీక్ అటాక్ రౌండ్‌కు ఒకసారి కాదు, టర్న్‌కు ఒకసారి, కాబట్టి రెండు పోట్లకూ ఎక్స్‌ట్రా పాచికలు పడ్తయి. బావ దీన్ని చూసి ఇది మోసం కాదా మరి అన్నడు. కాదు బావా, వాడు ఒక రౌండ్‌ల యాక్షన్, రియాక్షన్ రెండూ కరిగించుకున్నడు, పక్కన ఇంకొకరి కాన్సంట్రేషన్ కూడా దానికే పోయింది, అయినా కొట్టింది ఒక్కన్నే. నాకు ఇట్లాంటి తెలివి మస్తు ఇష్టం, ఎందుకంటే అందుల ఇంకో మనిషి అవసరం ఉంటది.

చెల్లె క్లెరిక్ సంగతి వేరు. 2014 రూల్‌ను ఆమె మొదటి నుంచి మంచిగ వంటబట్టించుకున్నది. ఎవరన్న పడిపోతే బోనస్ యాక్షన్‌ల హీలింగ్ వర్డ్, 60 అడుగుల దూరంకెళ్లి లేపుతది, యాక్షన్‌ల సేక్రెడ్ ఫ్లేమ్ కాంట్రిప్, రూల్ దాటదు. గాల్లో తేలే మాయ ఆయుధం స్పిరిచువల్ వెపన్‌ను మొదటిసారి పిలిచినప్పుడు మాత్రమే మంత్రం వేసినట్టు, తర్వాతి టర్న్‌ల నుంచి దానితోని కొట్టుడు మంత్రం వేసుడు కిందికి రాదు, కాబట్టి రెండో టర్న్‌ల యాక్షన్‌తోని స్పిరిట్ గార్డియన్స్ అనే ఇంకో పెద్ద మంత్రం దర్జాగా వేసుకోవచ్చు. ఇది అర్థం కాక చాలా మంది క్లెరిక్‌లు ఊకెనే వెనక్కి తగ్గుతరు. కాకపోతే 2024ల వచ్చిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌ల స్పిరిచువల్ వెపన్‌కు కూడా కాన్సంట్రేషన్ తగిలించిన్రు, స్పిరిట్ గార్డియన్స్‌కు ముందు నుంచే ఉన్నది, రెండూ ఒకేసారి నడవయి. చెల్లె అది తెలిసిన రోజు నాతోని సరిగ్గ మాట్లాడలే, నేనేదో రాసినట్టు.

2024 బుక్‌ల అసలు రూల్ కూడా మార్చిన్రు. బోనస్ యాక్షన్ గోల తీసేసి, ఒక టర్న్‌ల మంత్రానికి ఒక్క స్లాటే ఖర్చు పెట్టాలె అని పెట్టిన్రు. నా మటుకు ఇది చాలా సాఫ్ రూల్. షిలేలీ వేసిన డ్రూయిడ్ ఇప్పుడు పెద్ద మంత్రం వేసుకోవచ్చు. ఫే టచ్డ్ అనే ప్రత్యేక శక్తి (ఫీట్) తీసుకున్నోడు రోజుకొకసారి స్లాట్ లేకుండ మిస్టీ స్టెప్ మంత్రంతోని మాయమై 30 అడుగుల అవతల తేలి, అదే టర్న్‌ల ఫైర్‌బాల్ కూడా వేయొచ్చు. యాక్షన్ సర్జ్‌కు అయితే ముఖం మీదనే రాసిన్రు, ఆ ఎక్స్‌ట్రా యాక్షన్‌ను మ్యాజిక్ యాక్షన్‌గా, అంటే మంత్రం వేయనీకి, వాడొద్దని. బావ ఆ లైన్ చదివి ఫోన్ బోర్ల పెట్టిండు.

నాకు నచ్చనిది ఒక్కటే. కౌంటర్‌స్పెల్, అవతలోని మంత్రాన్ని ఆపే మంత్రం. పాత రూల్‌ల నువ్వు నీ టర్న్‌ల ఫైర్‌బాల్ వేస్తే అవతలోడు కౌంటర్‌స్పెల్ కొడ్తడు, నువ్వు రియాక్షన్‌తోని వాని కౌంటర్‌స్పెల్‌కు కౌంటర్ కొడ్తవ్, టేబుల్ మీద అందరూ మోకాళ్ల మీద లేస్తరు. కొత్త రూల్‌ల నీ టర్న్‌ల స్లాట్ ఇప్పటికే ఒకటి పోయింది కాబట్టి నువ్వు చేతులు కట్టుకుని చూడాలె, నీ పక్కనోడు కొడ్తే కొట్టాలె. ఇద్దరు మంత్రగాళ్ల పోట్లాటల ఉండే మజా అంతా దాంట్లనే ఉంటది, అది ఎట్ల పోగొట్టుకుంటం. అందుకే మా టేబుల్‌ల టర్న్‌కు ఒక్క స్లాట్ అన్నది పక్కా, రియాక్షన్ మాత్రం దాంట్ల లెక్క రాదు, నీ టర్న్ అయినా సరే. ఇగ యాక్షన్ సర్జ్‌తోని కాంట్రిప్ వేసుకోనిస్తున్న, బుక్ ఒప్పుకోకపోయినా, ఫైటర్ విజార్డ్ కలిపి ఆడేటోనికి ఆ మాత్రం ఉండాలె.

వీటన్నిటి కింద నాకున్న అసలు కారణం బ్యాలెన్స్ కూడా కాదు, టైం. మేము కూసునేది వారమంతా పని చేసుకుని, ఒకడు మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వస్తడు, అతనికి రాత్రి తిరిగి పోవుడు ఉంటది. ఆట లెక్కల ఆరు సెకన్లే గానీ ఎక్స్‌ట్రా యాక్షన్ తీసుకున్నోడు టేబుల్ మీద తినేది పక్కనోళ్ల నిమిషాలు. మంత్రం అయితే మరీ, ఎంత దూరం, ఎవరెవరు వృత్తంల ఉన్నరు, ఎవడు సేవ్ చేసిండు, పాచికలు దొర్లించు, కూడు, సగం చెయ్యి. కత్తి దెబ్బ రెండు పాచికల్లో ఒడుస్తది. మా తమ్ముని బాకు సంగతి అందుకే చెప్పిన.

అదే కారణంతోని నాకు బాస్‌లకు ఇచ్చే లెజెండరీ యాక్షన్లు నచ్చుతయి. ఒక్క రాక్షసుడు ఐదుగురి ముందర నిలబడితే వానిది ఒక టర్న్, వీళ్లవి ఐదు, ఎంత పెద్దోడైనా నలిగిపోతడు. కాబట్టి పెద్ద డ్రాగన్ లాంటి వాటికి మూడు లెజెండరీ యాక్షన్లు ఇచ్చిన్రు, అయితే అవి దాని టర్న్‌ల కాదు, వేరేవాళ్ల టర్న్ అయిపోంగనే ఒక్కొక్కటిగ. అందుకని ఎవ్వరూ ఊకె కూసుని చూడరు, చెల్లె టర్న్ అయిపోంగనే డ్రాగన్ తోక ఊపుతది, తమ్ముని టర్న్ అయిపోంగనే ఇంకోసారి. మూడు యాక్షన్ల ఖర్చు రౌండ్ అంతా పరిచినట్టు అయితది గానీ ఒక్కచోట కుప్ప కాదు.

వచ్చే ఫైట్ పానగల్ ఛాయా సోమేశ్వరం లెక్క ఒక గుడిల పెడ్తున్న, అక్కడ గర్భగుడిల ఎప్పుడూ కదలని నీడ ఉంటది కదా, నా కథల ఆ నీడ కదుల్తది, దాని చుట్టూ షాడోలు అనే నీడ రాక్షసులు తిరుగుతయి. ఆ నీడకు రెండు లెజెండరీ యాక్షన్లు ఇచ్చిన, ఒక కౌంటర్‌స్పెల్ కూడా. బావ ఆల్రెడీ అడుగుతుండు, సోర్సరర్ (ఇంకో రకం మంత్రగాడు) మూడు లెవెల్స్ తీసుకుంటే మంత్రాన్ని జల్ది వేయించే క్విక్కెన్డ్ స్పెల్‌తోని బోనస్ యాక్షన్‌ల ఫైర్‌బాల్, యాక్షన్‌ల ఇంకోటి వేయొచ్చు కదరా అని. వేయొద్దు బావా, అది 2014లనే బంద్.