రంపం వెనక ఆకు

మా నాయన ఇరవై రెండేళ్లు కర్నూలు పాతబస్తీలో ఒక కర్రకోత మిషన్ మీద పనిచేశాడు. ఎడమచేతి చూపుడువేలు సగం అక్కడే పోయింది. అయినా మిషన్‌ను ఒక్క మాట అనడు. "దాని వెనక ఒక ఇనప ఆకు ఉండేది. అది తీసేసినందుకే ఇట్లయింది" అంటాడు. ఆ ఆకు ఇంకా ఉందేమో చూద్దామని పోయిన నెల అనంతపురంలో తెల్లవారుజామునే బస్సెక్కాను. గుత్తి, డోన్ దాటి కర్నూలు చేరేసరికి ఎండ ముదిరింది.

కర్నూలు పాత పేరు కందనవోలు. అలంపురం గుడికి రాళ్లు మోసే బండ్లు తుంగభద్ర దాటేముందు ఇక్కడ ఇరుసులకు కందెన పెట్టించుకునేవని చెబుతారు. షాపులోకి అడుగుపెట్టగానే గ్రీజు, టేకు పొట్టు కలిసిన వాసన తగిలింది. మా నాయన చొక్కా వాసన అది.

మిషన్ ఇంకా నడుస్తోంది. "తెల్లదొరల కాలంది నాయనా" అన్నాడు మేస్త్రీ. నేను కిరోసిన్ గుడ్డతో మిషన్ మీది పేరు రేకు తుడిచాను. వాడ్కిన్ బర్స్‌గ్రీన్, ఏజీఎస్ 10 మోడల్ అని తేలింది. వాడ్కిన్ ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో 1897లో మొదలైన కంపెనీ. బర్స్‌గ్రీన్ కూడా ఇంగ్లండ్‌దే, డరహం వైపుది. ఈ రెండు పేర్లూ ఒకే రేకు మీదికి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. అంటే ఇది దొరలు వదిలిపోయింది కాదు, వాళ్లు పోయాక వచ్చింది. 10 అంటే గుండ్రటి రంపం అడ్డకొలత 10 అంగుళాలు. బల్ల కదలదు, రంపమే 45 డిగ్రీల దాకా వాలుతుంది.

2009 అక్టోబర్ 2న వరద ఊరిని ముంచినప్పుడు ఇదీ మునిగింది. నీళ్లు తీశాక మేస్త్రీ నట్టు నట్టూ విప్పి, బురద కడిగి, బేరింగులు మార్చి, మోటారుకు వైండింగ్ చేయించాడట.

ఆకు గురించి అడిగితే కాసేపు ఆలోచించి అటకెక్కాడు. గోనెసంచి దింపాడు. అందులో రంపానికి పైన కప్పే గార్డు, దాని కింద ఆకు. రంపం వంపులోనే వంగి, కొడవలిలా ఉంది. బోల్టు గాడిలో వరద మట్టి ఇంకా ఇటుకలా బిగుసుకుని ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుంటే నాకు మాట రాలేదు.

రంపం ముందు పళ్లు కిందికి కోస్తాయి, వెనక పళ్లు పైకి లేస్తాయి. కోసిన కర్ర బిగిసి ఆ వెనక పళ్లకు తగిలితే, అవి దాన్ని ఎత్తి మనిషి మీదికి విసురుతాయి. పట్టుకున్న చెయ్యి దానితోపాటు లోపలికి పోతుంది. ఈ ఆకు కోత మూసుకోకుండా అడ్డంగా నిలబడుతుంది, అంతే. కానీ దీని మీదే గార్డు బిగిస్తారు కాబట్టి పలకలో గాడి తీయాలంటే రెండూ విప్పాలి. అట్లా ఒకరోజు గాడి పనికని విప్పారు. మళ్లీ బిగించలేదు. బ్రిటన్‌లో 1922లోనే కర్రకోత మిషన్లకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ కూడా ప్రమాదకరమైన భాగాలకు అడ్డు పెట్టాలనే చెప్పింది. మా నాయన షాపులో నలుగురే. కరెంటుతో నడిచే చోటైనా కనీసం 10 మంది ఉంటేనే ఆ చట్టం లెక్కలోకి వచ్చేది. నలుగురి వేళ్లకు లెక్క లేదా అని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆకు తోమి, మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూశాం. అది రంపం రేకు కన్నా మందంగా, పళ్లు కోసే వెడల్పు కన్నా పలచగా ఉండాలి. ఇప్పుడు వాడుతున్న బ్లేడు కోత సన్నం, ఆకు అందులో దూరదు. ఆకును సానబట్టి పలచగా చేద్దామా అన్నాడు షాపు కుర్రాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. "బ్లేడు మారుద్దాం. ఇది మాత్రం ముట్టుకోవద్దు" అన్నాడు. మధ్యాహ్నానికి బజారు నుంచి మందం బ్లేడు తెచ్చి బిగించాం.

వేప చెక్క ఒకటి కోస్తుండగా నాయనకు ఫోన్ చేసి మిషన్ దగ్గర పెట్టాను. కోత అయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు. మోటారు ఆగాక అడిగాడు, "పళ్లకూ ఆకుకూ మధ్య సందెంత పెట్టినారు?"

"చిటికెన వేలు దూరనంత, నాయనా."

"గార్డు?"

"అదీ బిగించినాం."