తైతుంగ్‌లో శ్రుతే నడిచి వెళ్లింది

తైవాన్‌లో కావోషుంగ్ నుంచి తూర్పు తీరాన ఉన్న తైతుంగ్ వెళ్లే రైలు కొండల్లో సొరంగం వెంట సొరంగం దాటుతుంది. ఆ తర్వాత కుడివైపు పసిఫిక్ సముద్రం. తైవాన్ పాటలు రాజధాని తైపేలోనే వినొచ్చు కదా అన్నారు స్నేహితులు. నాకు మాత్రం ఆదివాసుల పాట వాళ్ల నేల మీదే వినాలని ఉండింది.

యెన్‌పింగ్ వైపు బునున్ అనే ఆదివాసి తెగ ఊళ్లో ఆ కోరిక తీరింది. మగవాళ్లు గుండ్రంగా నిలబడి, ఒకరి చేతులు ఒకరి నడుం వెనక్కి పోనిచ్చి పట్టుకున్నారు. వాద్యం లేదు, తాళం లేదు, మాటలు కూడా లేవు. ఒక గొంతు మంద్రంలో ఎత్తుకుంది. దాని మీద ఇంకోటి, ఆపైన మరోటి. అందరూ కలిసి కొద్దికొద్దిగా పైకి జరుగుతున్నారు, ఎక్కడ జరిగారో పట్టుకుందామంటే దొరకదు. తంబురా కదలకూడదని నేర్చుకున్న చెవులు నావి. ఇక్కడ శ్రుతే నడిచి వెళ్తుంటే ఒళ్లు జలదరించింది.

దీన్ని పసిబుట్‌బుట్ అంటారు. కొర్రల పంట కోసం చేసే ప్రార్థన. అవును, మనం తినే కొర్రలే. గొంతులు ఎంత బాగా కలిస్తే పంట అంత బాగా వస్తుందని వాళ్ల నమ్మకం. 1943లో జపాన్ పరిశోధకుడు కురొసావా తకతోమో దీన్ని రికార్డు చేశాడు. 1952లో ఆ రికార్డింగులు యునెస్కోకి చేరాకే బయటి పండితులకు దీని సంగతి తెలిసింది.

తైతుంగ్ టౌన్‌కి వచ్చాక దిఫాంగ్ గుర్తొచ్చాడు. ఇక్కడి మలాన్‌కు చెందిన అమిస్ తెగ రైతు, పాటగాడు ఆయన. భార్య ఇగాయ్‌తో కలిసి పాడిన పాటను 1988లో పారిస్‌లో రికార్డు చేశారు. తర్వాత ఎనిగ్మా అనే పాప్ సంగీత బృందం తన 'రిటర్న్ టు ఇన్నోసెన్స్' పాటలో ఆ గొంతులే వాడుకుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలోనూ అవే వినిపించాయి. పాడినవాళ్ల పేరు ఎక్కడా లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కోర్టుకెక్కితే గానీ, 1999లో రాజీ కుదిరితే గానీ ఆ దంపతులకు గుర్తింపు దక్కలేదు. 2002లో దిఫాంగ్ పోయాడు.

టాక్సీలో ఆ-మెయ్ పాటలు మోగుతున్నాయి. చైనీస్ పాప్‌లో పెద్ద స్టార్ అయిన ఆమె కూడా ఈ జిల్లా అమ్మాయే, పుయుమా తెగ. డ్రైవర్ ప్రతి పాటకూ గొంతు కలిపాడు.

వెళ్లాలనుకుంటే జులై, ఆగస్టుల్లో వెళ్లండి. అమిస్‌ల కోతల పండుగ అప్పుడే. అది వాళ్ల పూజ కూడా కాబట్టి ఫోన్ తీసే ముందు ఊరి పెద్దల్ని అడగండి.