జానస్ గ్రీన్, ఏడో ప్రయత్నం: మళ్లీ గులాబీ

1900లోనే మిఖాయెలిస్ అనే శాస్త్రవేత్త జానస్ గ్రీన్ అనే ఈ రంగుతో మైటోకాండ్రియాను (కణానికి శక్తి తయారుచేసే చిన్న భాగాలను) సూక్ష్మదర్శిని కింద పట్టుకున్నాడు. హనుమకొండలో మూడు వారాలుగా కూర్చున్నా నాకు మాత్రం చిక్కడం లేదు.

మొదటి నాలుగుసార్లూ తప్పు నాదే: కుళాయి నీళ్లు, మరీ చిక్కని రంగు. కణాలు చచ్చి కేంద్రకాలు కూడా నీలమెక్కాయి. ఇప్పుడు 5 శాతం చక్కెర నీళ్లలో 0.01 శాతం రంగు. 100 మి.లీ.కి కావాల్సిన 10 మిల్లీగ్రాములు తూచడానికి నా త్రాసు చాలదు. అందుకే 100 మిల్లీగ్రాములు 100 మి.లీ.లో కరిగించి, అందులో ఒక వంతుకు తొమ్మిది వంతుల చక్కెర నీళ్లు కలుపుతున్నాను.

ఎండలకు స్లైడు పది నిమిషాల్లో ఎండిపోతోందని నిన్న కవర్‌స్లిప్ చుట్టూ మా అమ్మాయి గోళ్ల రంగు పూశాను. పన్నెండో నిమిషంలో ఉల్లిపొర కణం అంచు వెంబడి సన్నటి నీలి చుక్కలు బారులు తీరి కదిలాయి. ఇంట్లో అందరినీ పిలిచాను. వాళ్లు వచ్చి వంతులవారీగా చూసేసరికి ఇరవై నిమిషాలయింది, చుక్కలు గులాబీకి తిరిగాయి. ఇరవై ఏడుకల్లా ఏమీ లేవు.

దీపం వేడేమో అనుకుని ఆర్పాను. రంగు పాతదేమో అనుకుని కొత్తగా కలిపాను. అదే తంతు. చివరికి దారి చూపింది ఓ మూల చిక్కుకున్న గాలిబుడగ: దాని చుట్టూ ఉన్న చుక్కలు నలభై నిమిషాలకూ నీలంగానే ఉన్నాయి!

చక్కెర నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపొరలోని ప్రోటీన్ల గొలుసు గుండా పోయి, చివర సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ద్వారా ఆక్సిజన్‌కు చేరతాయి. ఆ ఎంజైము పని చేస్తున్నంతసేపే మైటోకాండ్రియాలో రంగు నీలంగా నిలుస్తుంది. ఆక్సిజన్ అయిపోతే ఎలక్ట్రాన్లు రంగు మీద పడతాయి: ముందు గులాబీ, తర్వాత రంగే ఉండదు. అప్పటికి ఆ గొలుసు ప్రోటాన్లను పొర అవతలికి తోడడమూ ఆగిపోతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు తయారీ కుంటుపడుతుంది. అంటే గోళ్ల రంగు పూసి కణాలకు ఊపిరాడకుండా చేసింది నేనే.

ఒక అంచు గీకి గాలి పోనిచ్చాను. గులాబీ తిరిగి వచ్చింది, నీలం రాలేదు. జానస్ గ్రీన్ అణువు తెగి గులాబీ అయ్యాక మళ్లీ అతకదు, ఆ తర్వాతి మెట్టు మాత్రమే వెనక్కి తిరుగుతుంది.

ఫోల్డ్‌స్కోప్ (కాగితం మడిచి చేసే సూక్ష్మదర్శిని) అంటే నాకెంతో ఇష్టం, కానీ ఒక మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కూడా మించని మైటోకాండ్రియాకు పాత ఒలింపస్ సూక్ష్మదర్శిని ఆయిల్ లెన్సే దిక్కు.

ఈసారి రెండు వైపులే వాసెలిన్ రాసి, మిగతా రెండు వైపులా చక్కెర నీళ్లు చుక్కచుక్కగా అందిస్తాను. అదీ కుదరకపోతే వానలు పడేదాకా ఆగి, గాలిలో తేమ పెరిగాక ఏ పూతా లేకుండా చూస్తాను. ఉల్లిగడ్డ మాత్రం ఫ్రిజ్‌లోది వద్దు, ఆదివారం రైతుబజారు నుంచి తాజాది తేవాలి.