శ్వేతకేతువు చేతిలో మర్రిపండు

చెన్నైలో అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడల్లా మైలాపూరులో కపాలీశ్వరుణ్ణి చూసుకుని రావడం నా అలవాటు. మొన్న వేసవిలో మాత్రం మనవరాలు వెళ్లనివ్వలేదు. "అమ్మమ్మా, గుడికి రేపు వెళ్దాం. ఈరోజు లైబ్రరీ" అంది. తొమ్మిదేళ్ల పిల్ల పుస్తకాల కోసం పేచీ పెడుతుంటే ఆ స్వామి మాత్రం ఏమనుకుంటాడులే అని బయల్దేరాను.

కోట్టూరుపురంలో ఉన్న అన్నా శతజయంతి గ్రంథాలయం అది. తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి అన్నాదురై పుట్టినరోజున, 2010 సెప్టెంబర్ 15న తెరిచారు. తొమ్మిది అంతస్తులు. నాకు తెలిసిన లైబ్రరీ అంటే మా ఊరి శాఖా గ్రంథాలయమే. నాలుగు బీరువాలు, రెండు పొడుగు బల్లలు, పేపర్ ఎవరి చేతిలోంచి ఎప్పుడు జారుతుందా అని కాచుకుని కూర్చునే పెద్దమనుషులు. ఇక్కడ తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టింది. పిల్లల విభాగంలో ఓ పెద్ద బొమ్మ చెట్టు కూడా కట్టారు. మనవరాలు, వాళ్లమ్మ అక్కడే చేరిపోయారు.

నేను అటూ ఇటూ తిరిగి, ఎవరి పుస్తకాలు వాళ్లే తెచ్చుకుని చదువుకునే హాలు దగ్గర ఆగాను. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. పక్కన టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, ఎదురుగా ఇటుకల్లాంటి గైడ్లు. ఒక్కరూ తల ఎత్తరు. గుళ్లో కూడా అంత నిశ్శబ్దం నేను చూడలేదు. ఆ ముఖాల్లో టెన్షన్ చూస్తుంటే శ్వేతకేతువు గుర్తొచ్చాడు.

ఈ మధ్య సాయంత్రాలు మేము నలుగురం ఆడవాళ్లం కూర్చుని ఛాందోగ్యోపనిషత్తు చదువుకుంటున్నాం. ఆరో అధ్యాయంలో ఉన్నాం. శ్వేతకేతువు పన్నెండో ఏట గురువు దగ్గరికి వెళ్లాడు. ఇరవై నాలుగో ఏట వేదాలన్నీ చదివి తిరిగొచ్చాడు. మర్రిచెట్టు నీడన మరో మొక్క ఎదగదు అంటాం కదా, తండ్రి ఉద్దాలకుడికి ఆ సంగతి తెలుసేమో. తాను అంతటి పండితుడై ఉండీ కొడుకుని తన నీడన ఉంచుకోకుండా బయటికి పంపాడు. కుర్రవాడు ఎలా తిరిగొచ్చాడో ఉపనిషత్తు మూడు మాటల్లో చెబుతుంది: మహామనాః, అనూచానమానీ, స్తబ్ధః. తానే గొప్ప అనుకుంటూ, చదువంతా తనకే వచ్చనుకుంటూ, బిగుసుకుపోయి. 'స్తబ్ధః' దగ్గర మాలో ఒకావిడ నవ్వి, "మా అబ్బాయి ఇంజినీరింగ్ అయ్యాక అచ్చం ఇలాగే వచ్చాడు" అంది.

నేను నవ్వలేకపోయాను. తెలుగు ఎమ్మే పూర్తయిన ఏడు, చుట్టాలందరి ముందూ మా నాయనమ్మ విష్ణు సహస్రనామంలో తప్పులు దిద్దాను. ఒత్తులు పలకడం లేదని, పదం తప్పుచోట విరుస్తోందని. ఆవిడ కోప్పడలేదు. మర్నాటి నుంచి పెదాలు మాత్రం కదిలేవి, గొంతు వినపడేది కాదు. పోయేదాకా అంతే. ఆ నామాలన్నీ ఆవిడకు వినికిడి మీద వచ్చినవి. బడి మెట్టు ఎక్కలేదు.

ఉద్దాలకుడు కొడుకుని తిట్టలేదు. ఓ ప్రశ్న అడిగాడు: దేన్ని వింటే విననిది కూడా విన్నట్టవుతుందో, అది అడిగి తెలుసుకున్నావా? కుర్రవాడికి తెలియదు. ఇక పాఠం మొదలు. మధ్యలో ఓ తమాషా ఉంది. "పదిహేను రోజులు తిండి మాను, నీళ్లు కావలసినన్ని తాగు" అంటాడు తండ్రి. ఆ తర్వాత వేదం చెప్పమంటే ఒక్క ముక్క గుర్తురాదు. అన్నం తిని రమ్మంటాడు, అన్నీ గుర్తొస్తాయి. 'అన్నమయం హి సోమ్య మనః'. మనసు అన్నంతో ఏర్పడిందే నాయనా అని. ఆ హాల్లో టిఫిన్ డబ్బాలు చూసినప్పుడు నాకు ముందు తోచింది ఈ వాక్యమే.

మధ్యాహ్నం దాటాక ఆటోలో అడయారు వెళ్లాం. దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) తోటలో ఓ మహా మర్రి ఉంది. సుమారు నాలుగున్నర శతాబ్దాల వయసు అంటారు. సమాజం వాళ్లు 1882లో ఇక్కడికి వచ్చేటప్పటికే అది ముదురు మాను అన్నమాట. 1886లో సమాజం స్థాపకుల్లో ఒకరైన కర్నల్ ఆల్కాట్ పెట్టిన అడయారు గ్రంథాలయమూ ఈ ఆవరణలోదే, వేల తాళపత్రాలున్న చోటు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని చిన్నపిల్లవాడిగా 1909లో గుర్తించింది ఈ అడయారు తీరానే. లోకానికి గురువువి నువ్వే అని పెద్దవాళ్లు ఒక పిల్లవాడి కోసం సంఘమే కట్టారు. అతను పెరిగి పెద్దై, 1929లో ఆ సంఘాన్ని తన చేత్తోనే రద్దు చేశాడు. 'స్తబ్ధ' అన్న మాటకు అంత దూరంగా నిలబడ్డ మనిషి ఇంకొకరు నాకు తట్టలేదు.

చెట్టు దగ్గరికి వెళ్లాక ఏది మానో, ఏది ఊడో తెలియలేదు. ఎటు చూసినా స్తంభాలే. పైనుంచి దారాల్లా దిగిన ఊడలు నేలను తాకి, నాటుకుని, ఇప్పుడు ఆ కొమ్మలనే మోస్తున్నాయి. సంస్కృతంలో మర్రిని న్యగ్రోధం అంటారు, కిందికి పెరిగేది అని అర్థం. మనవరాలు అడిగింది: "అసలు చెట్టేది అమ్మమ్మా?"

అసలు మాను లేదు. 1989లో గాలివానకు పడిపోయింది. మిగిలినవన్నీ దాని ఊడలే. అది విని పిల్ల కాసేపు నమ్మలేదు.

ఉద్దాలకుడు కొడుక్కి చూపించింది కూడా మర్రిచెట్టునే. "న్యగ్రోధఫలమత ఆహర." ఆ మర్రి నుంచి ఓ పండు తే. తెచ్చాడు. పగలగొట్టు. కొట్టాడు. ఏం కనిపిస్తోంది? సన్నని గింజలు. ఒక గింజను పగలగొట్టు. కొట్టాను స్వామీ. ఏం కనిపిస్తోంది? "న కించన భగవః." ఏమీ లేదు. నీకు కనపడని ఆ సూక్ష్మంలోంచే ఇంత మర్రి నిలబడింది నాయనా, నమ్ము, అన్నాడు. 'శ్రద్ధత్స్వ సోమ్య.' తత్త్వమసి, అంటే 'అది నువ్వే' అని తొమ్మిదిసార్లు చెప్పాడు, అందులో ఒకటి ఈ పండు దగ్గర చెప్పింది.

చదువు దండగ అని దీనికి అర్థం చెప్పేవాళ్లున్నారు. నాకు అలా తోచదు. పన్నెండేళ్లు చదివిన కొడుకు కాబట్టే "ఏమీ లేదు" అని నిజం చెప్పగలిగాడు. చదవనివాడో, అరకొర చదివినవాడో అయితే అక్కడ ఏదో ఒకటి కనిపించిందని చెప్పి ఉండేవాడు. తెలిసినదంతా వెతికి, లేదు అని ఒప్పుకోవడానికి ఎంత చదువు కావాలి! నాయనమ్మ ముందు నాకు లేనిది అదే.

బాట మీద రాలిన పండొకటి మనవరాలు తీసి గోటితో చీల్చింది. "ఛీ, పురుగులు!" అంది. మేడిపండు పొట్ట విప్పితే పురుగులని మనకు తెలిసిందే, మర్రి దానికి చుట్టమేగా. పురుగుల్ని దులిపి గింజ ఒకటి అరచేతిలో పెట్టుకుంది. ఆవగింజ కంటే చిన్నది.

"దాన్ని కూడా పగలగొట్టు" అన్నాను.

గోటి కింద నొక్కి, కళ్లు చికిలించి చూసింది. "ఏమీ లేదు అమ్మమ్మా."

మంత్రం నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. తను చెయ్యి గౌనుకి తుడుచుకుని, ఒకసారి పైకి చూసి, ఇంకో పండు కోసం వంగింది.